ఖాళీ పళ్ళెం, లాలీ కేకు

న్యూజిలాండ్ వెళ్ళొచ్చానని చెబితే మా వీధిలో అందరూ అడిగినవి రెండే ప్రశ్నలు. "గొర్రెల మందలు చూశారా?" అని ఒకటి, "క్రికెట్ గ్రౌండ్ చూశారా?" అని ఇంకొకటి. గొర్రెల్ని కారు అద్దంలోంచి చూశాను. గ్రౌండు బయటినుంచి చూశాను. ఆక్లాండ్‌లో మా అమ్మాయి ఉండే శాండ్రింగ్‌హామ్ పేటకి ఈడెన్ పార్కు నడిచి వెళ్ళేంత దూరమే. కానీ అక్కడున్న నాలుగు నెలల్లో నేను బాగా చూసిందేమిటంటే ఒక వంటిల్లు, ఆ వంటింట్లో నా ఏడేళ్ళ మనవడు నాకు నేర్పిన ఒక కేకు. దానికి పొయ్యి పెద్దగా అక్కర్లేదు, ఓవెన్ అసలే అక్కర్లేదు, గుడ్డు లేదు. కోస్తే లోపల రంగురంగుల గాజుపూసలు పొదిగినట్టుంటుంది. పేరు లాలీ కేకు. చేసే పద్ధతి చెబుతాను గానీ, ముందు నా అవమానం ఒకటి వినాలి మీరు!

రాజమండ్రిలో బయల్దేరే ముందు రెండు కిలోల సున్నుండలు కట్టాను. అమ్మమ్మ ఉత్తి చేతులతో వెళుతుందా మరి? మా అమ్మాయి ఫోన్‌లో గట్టిగా చెప్పింది: "అమ్మా, పాలూ నెయ్యీ కలిసినవీ, గింజలూ విత్తనాలూ తేవద్దు. ఏం తెచ్చినా కాగితంలో రాసి చూపించాలి. రాయకపోతే అక్కడికక్కడే నాలుగు వందల డాలర్లు జరిమానా." పాడిపంటల మీద బతికే దేశం కదా, బయటి తెగులు ఒక్కటి లోపలికి వస్తే వాళ్ళ కొంప మునుగుతుందని భయం. అందులో తప్పేం లేదు. కానీ సున్నుండల డబ్బా హైదరాబాద్‌లో చెల్లెలి ఇంట్లో దింపేసి, కొట్లో కొన్న ఆవకాయ సీసా ఒక్కటి మాత్రం రాసి, చూపించి, పట్టుకెళ్ళాను. సింగపూర్ మీదుగా పదిహేను గంటలు గాల్లో ఎగిరి, దిగీ దిగగానే మనవడు అడిగిన మొదటి మాట, "అమ్మమ్మా, తినడానికి ఏం తెచ్చావు?" రంగు పెన్సిళ్ళు తెచ్చానన్నాను. వాడు మర్యాదగా "థాంక్యూ" అన్నాడు. ఆ మర్యాదే నాకు గుచ్చుకుంది.

ఆక్లాండ్ చిత్రమైన ఊరు. ఊళ్ళోనే యాభైకి పైగా అగ్నిపర్వతాలున్నాయి! కంగారు పడకండి. మా పేట పక్కనున్నవన్నీ ఎప్పుడో చల్లారిపోయి, గడ్డి మొలిచిన దిబ్బల్లా ఉంటాయి. మా వీధి చివరినుంచి కనిపించే మౌంట్ ఈడెన్ ఎత్తు 196 మీటర్లు. అక్కడి మావోరీ ప్రజలు దాన్ని మౌంగాఫౌ అంటారు. పైకెక్కితే నడిమధ్యన పెద్ద మూకుడులాంటి గుంట, చుట్టూ ఊరు, రెండు వైపులా సముద్రం. నేను అక్టోబరులో వెళ్ళాను. మనకి చలి మొదలయ్యే వేళకి వాళ్ళకి వసంతం. పొద్దున ఎండ, పదింటికి జల్లు, మధ్యాహ్నం గాలి, మళ్ళీ ఎండ. బట్టలు ఆరేసి తీసి, ఆరేసి తీసి చేతులు నొప్పెట్టాయంటే నమ్మండి.

భాష ఇంగ్లీషే అయినా కొన్ని మాటలు మనల్ని పల్టీ కొట్టిస్తాయి. వీధి మలుపులో "డైరీ" అని బోర్డు చూసి పాలకేంద్రం అనుకున్నాను. గిన్నె పట్టుకెళ్ళలేదు గానీ ఆలోచనైతే వచ్చింది! తీరా చూస్తే చిల్లర కొట్టు. పాలు, బ్రెడ్డు, పేపరు, కొవ్వొత్తులు, అన్నీ ఉంటాయి. అక్కడ అలాంటి కొట్లు చాలావరకు గుజరాతీ కుటుంబాలు నడుపుతున్నవే. మా వీధి కొట్టాయన కూడా గుజరాతీయే. నా చీర చూసి "నమస్తే" అన్నాడు. అలాగే "లాలీ" అంటే పుల్ల ఉన్న మిఠాయే అనుకునేరు, వాళ్ళకి ఏ పిప్పరమెంటైనా లాలీయే. ఆ కొట్లో అద్దాల పెట్టెలో, ప్లాస్టిక్ కాగితం చుట్టిన గుండ్రటి ముక్కలు మొదటిసారి చూశాను. గోధుమరంగు ముద్దలో గులాబీ, పసుపు, ఆకుపచ్చ చుక్కలు, అంచున కొబ్బరి కోరు. మనవడు ముక్కు అద్దానికి ఆనించి నిలబడ్డాడు. "అమ్మ వారానికొక్కటే కొంటుంది," అన్నాడు, నేనేమైనా జాలిపడతానేమోనని.

ఇక అవమానం సంగతి. నవంబరులో వాడి క్లాసు పిల్లలూ తల్లిదండ్రులూ పార్కులో కలుసుకోవాలనుకున్నారు. అమ్మాయి ఆస్పత్రిలో నర్సు, ఆ రోజు డ్యూటీ. అల్లుడుగారు వేరే ఊళ్ళో ఉన్నారు. కాబట్టి మనవణ్ణి తీసుకెళ్ళే పని నాది. ఫ్రిజ్ మీద అంటించిన కాగితం కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాను. "ప్లీజ్ బ్రింగ్ ఎ ప్లేట్" అని ఉంది. పాపం పళ్ళేలు చాలవు కాబోలు, ఎవరి పళ్ళెం వాళ్ళు తెచ్చుకోమంటున్నారనుకున్నాను. అమ్మాయి పెళ్ళిలో నేనే ఇచ్చిన, నా పేరు చెక్కిన స్టీలు పళ్ళెం తళతళా తోమి సంచిలో పెట్టుకున్నాను.

పార్కులో పెద్ద బల్ల. ఒక్కొక్కరూ వచ్చి పళ్ళెం పెడుతున్నారు. ఒకరిది నిండా స్ట్రాబెర్రీలు, ఒకరివి శాండ్‌విచ్‌లు, ఒకరిది తెల్లగా నురగలా పొంగిన పావ్లోవా. అప్పుడు అర్థమైంది. పళ్ళెం అంటే పళ్ళెం కాదు, పదిమందీ పంచుకునే తిండి! వెనకటి రోజుల్లో అక్కడి ఆహ్వానాల మీద "లేడీస్ ఎ ప్లేట్" అని వేసేవారట. కొత్తగా వెళ్ళినవాళ్ళు ఖాళీ పళ్ళెంతో వెళ్ళి తెల్లమొహం వేయడం ఆ దేశంలో పాత కథేనట. నాకది తర్వాత చెప్పారు. అప్పటికి మాత్రం నేనొక్కదాన్నే అనిపించింది. పళ్ళెం సంచిలోంచి సగం బయటికి తీసి, మళ్ళీ లోపలికి తోస్తున్నాను. మనవడు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఏమీ అనకుండా నా చేతిలోంచి పళ్ళెం తీసుకుని, బల్ల దగ్గరికి వెళ్ళి, ఎవరో తెచ్చిన లాలీ కేకు ముక్కలు రెండు అందులో పెట్టి తెచ్చి, "తిను అమ్మమ్మా" అన్నాడు. పళ్ళెం ఖాళీగా ఉన్నట్టు ఎవరికీ కనబడకూడదని వాడి తాపత్రయం. తిన్నాను. చెప్పొద్దూ, బావుంది! మన హార్లిక్స్ వాసన, వెన్న, తీపి పాలు, మధ్యలో మెత్తగా సాగే మిఠాయి.

మా వెనకాలే వచ్చిన పక్కింటావిడ ఇదంతా చూసింది. డెబ్భై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. నన్ను పేరు పెట్టి పిలిచేది, తననీ అలాగే పిలవమనేది. నాకు నోరు రాక "అక్కా" అన్నాను. అదేమిటో మనవడు ఆవిడకి వివరించాడు. ఆ మర్నాటినుంచి ఆవిడే కంచె అవతలినుంచి "అక్కా వచ్చింది" అని కేకేసేది. డిసెంబరులో బడి మూసేముందు ఇంకో పార్టీ ఉందనీ, ఈసారి పళ్ళెం నిండాలనీ ఆవిడే పట్టుబట్టింది. శనివారం పొద్దున్నే రెండు సంచులతో దిగింది. పాఠం మాత్రం చెప్పింది మావాడే. ఆ దేశంలో పిల్లలు మొదట నేర్చుకునే వంటల్లో ఇదొకటి, నిప్పుతో పని లేదు కదా!

కొలతలు ఆవిడవే చెబుతాను: మాల్ట్ బిస్కెట్లు 250 గ్రాములు, వెన్న 120 గ్రాములు, చక్కెర కలిపిన చిక్కటి డబ్బా పాలు సగం డబ్బా, అంటే 200 గ్రాములకి కాస్త అటూ ఇటూ, మెత్తటి లాలీలు 180 గ్రాములు, పొడిగా కోరిన ఎండుకొబ్బరి అరకప్పు. బిస్కెట్లని దళసరి కవరులో వేసి అప్పడాల కర్రతో కొట్టాలి. ఈ పని మావాడికి ప్రాణం. "మెత్తగా కొట్టకు, అక్కడక్కడా పలుకు ఉండాలి" అని నాకు జాగ్రత్తలు చెబుతూ తనే పిండి చేసేశాడు. వెన్నా పాలూ కలిపి సన్నటి సెగ మీద వెన్న కరిగేదాకా ఉంచాలి, అంతే. మరిగించకూడదు. మరిగితే పాకమై చల్లారాక గట్టిపడుతుంది, పంటికింద రాయే! దాన్ని బిస్కెట్ల పొడిలో పోసి కలిపితే సరిగ్గా మన చలిమిడి ముద్దలా వస్తుంది. చేతికి అంటుకుంటుంటే ఇంకో రెండు బిస్కెట్లు నలిపి వేసుకోవాలి. ముద్ద గోరువెచ్చన అయ్యాకే లాలీలు కలపాలి. తొందరపడి వేడిమీద వేస్తే అవి కరిగి, రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి, హోలీ మర్నాటి చొక్కాలా తయారవుతుంది.

ఇందులో వేసే లాలీలకీ ఒక కథ ఉంది. అక్కడ పాస్కాల్ అనే కంపెనీ వాళ్ళు చలికోటు తొడుక్కున్న చిన్న మనిషి ఆకారంలో లాలీలు చేస్తారు. పాతకాలంనుంచీ వాటిపేరు "ఎస్కిమో". ధ్రువప్రాంతపు ఇన్యూట్ ప్రజలకి ఆ పిలుపు నచ్చదు. 2009లో కెనడానుంచి వచ్చిన ఒక ఇన్యూట్ యువతి ఈ పొట్లం చూసి నొచ్చుకుని గట్టిగా అడిగింది. చాలామంది అప్పుడు నవ్వి ఊరుకున్నారట. చివరికి 2020లో కంపెనీ పేరు మారుస్తామని ప్రకటించింది. ఇప్పుడు పొట్లం మీద "ఎక్స్‌ప్లోరర్స్" అని ఉంటుంది. పక్కింటావిడ మాత్రం పాత పేరే అనబోయి నాలుక కరుచుకునేది, మావాడు సరిదిద్దేవాడు.

ఆ పొట్లం చేతికి తీసుకుని, అలవాటుకొద్దీ వెనక్కి తిప్పాను. మన దేశంలోలా ఆకుపచ్చ చుక్క అక్కడ ఉండదు. ఏమేం కలిపారో చదివి తెలుసుకోవాల్సిందే. చక్కెర, గ్లూకోజు సిరప్పు, జెలటిన్. అక్కడ ఆగిపోయాను. ఏళ్ళతరబడి ఇలాంటి పత్రికల్లో వంటల పేజీలు చదివినదాన్ని. "జెలటిన్‌కి బదులు చైనా గ్రాస్ వాడండి" అని ఎందుకు రాస్తారో నాకు తెలుసు. పశువుల తోలునుంచీ ఎముకలనుంచీ తీసేది అది. ఆవిడ తెచ్చిన రెండో రకం, ఫ్రూట్ పఫ్స్ పొట్లం మీదా అదే మాట. మా ఇంట్లో గుడ్డు కూడా రానివ్వను. మరి పార్కులో ఆ రెండు ముక్కలూ తిన్నదెవరు?

ముద్ద నా చేతుల్లో ఉంది. ఎదురుగా మనవడు పిల్లల కత్తెర నీళ్ళలో ముంచుకుంటూ లాలీలని సగానికి కత్తిరిస్తున్నాడు. ఆవిడ నా మొహం చూస్తోంది. ఏమనాలో తెలియలేదు. "చేతులు నొప్పిగా ఉన్నాయి నాన్నా, లాలీలు నువ్వు గుచ్చు," అన్నాను. పిండి నేను కలిపాను, లాలీలు వాడు గుచ్చాడు. కొబ్బరి పరిచిన కాగితం మీద దొర్లించి, బారెడు రోకలిబండలా చేసి, రెండు కొసలూ చాక్లెట్టు కాగితంలా మెలితిప్పి ఫ్రిజ్‌లో పెట్టాం. నాలుగు గంటలు ఉంచాలి.

రాత్రి అమ్మాయిని అడిగాను. తనకి తెలుసు. "వాడికి మాంసం నేను పెట్టనమ్మా. కానీ ప్రతి పుట్టినరోజు పార్టీలోనూ వాడి చేతిలోది లాక్కుని లేబుల్ చదవలేను. వాడొక్కడే పక్కన కూర్చోవాలా?" అంది. కోపంగా కాదు, డ్యూటీ దిగిన అలసటతో. నేనేం జవాబు చెప్పలేదు. మా అమ్మ గుర్తొచ్చింది. రైలు ప్రయాణంలో మంచినీళ్ళు కూడా ఇంటినుంచి మరచెంబులో తెచ్చుకునేది ఆవిడ. నేను కాలేజీ రోజుల్లో ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ పొట్లం కొనుక్కుని తింటే తిట్టలేదు. కిటికీ వైపు తల తిప్పుకుంది. విజయవాడ వచ్చేదాకా అలాగే కూర్చుంది. నలభై ఏళ్ళు దాటినా ఆ తల తిప్పడం నాకు గుర్తుంది, ఇడ్లీ రుచి గుర్తులేదు.

మర్నాడు కేకు కోశాక మావాడు మొదటి ముక్క నాకే తెచ్చాడు.

"నేను తినను నాన్నా."

"ఎందుకు?"

చెప్పాను, ఏడేళ్ళవాడికి ఎంత చెప్పొచ్చో అంత. కాసేపు ఆలోచించాడు.

"మరి పార్కులో తిన్నావుగా?"

"తెలియక తిన్నాను."

"బావుందా?"

"బావుంది," అన్నాను. అబద్ధం ఎందుకు! వాడు పకపకా నవ్వాడు. తర్వాత "అయితే నీకు వేరేది చేద్దాం" అని తనే అన్నాడు.

శాండ్రింగ్‌హామ్ రోడ్డు మీద వరసగా మనవాళ్ళ దుకాణాలున్నాయి. కరివేపాకు దగ్గర్నుంచి కందిపప్పుదాకా దొరుకుతాయి. అక్కడికి నడిచివెళ్ళాం. "జెలటిన్" ఇంగ్లీషు స్పెల్లింగు అరచేతిమీద రాయించుకుని, అల్మారాలోని ప్రతి పొట్లమూ తిప్పి తిప్పి చదివాడు. కొట్టువాళ్ళు నవ్వుకున్నారు. చివరికి టూటీ ఫ్రూటీ దొరికింది. పచ్చి బొప్పాయి ముక్కల్ని పాకంలో నానబెట్టి రంగు వేసేదే కదా అది, దానికి భయం లేదు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, రంగుల్లో లాలీలకేం తీసిపోదు. పార్టీకి రెండు కేకులు చేశాం. ఒకటి వాళ్ళది, ఒకటి మనది. మనదాని ముందు "జెలటిన్ లేదు" అని రంగు పెన్సిల్‌తో చీటీ రాశాడు. నేను తెచ్చిన పెన్సిళ్ళే!

డిసెంబరు అక్కడ ఎండాకాలం. రాత్రి ఎనిమిదిన్నరకి గానీ పొద్దుగూకదు. చెట్లనిండా పొహుతుకావా పూలు, ఎర్రగా దూదిపింజల్లా. పార్టీలో ఒకాయన గుప్పిళ్ళతో లాలీలు గాల్లోకి విసిరితే పిల్లలంతా గడ్డిమీద పడి ఏరుకున్నారు. "లాలీ స్క్రాంబుల్" అంటారట. నాకైతే భోగిపళ్ళు పోసినట్టే ఉంది. రేగిపళ్ళూ చిల్లరా పిల్లవాడి నెత్తిమీంచి జారుతుంటే చుట్టూ ఉన్న పిల్లలు ఎగబడరూ, అలాగే.

నా పేరున్న పళ్ళెంలోనే రెండు కేకులూ పెట్టాం. వాళ్ళది పది నిమిషాల్లో ఖాళీ. మనది పిల్లలు కొరికి, "ఊఁ" అని, పక్కన పెట్టేసి వెళ్ళిపోయారు. నిజం చెప్పాలి మరి! మెత్తటి లాలీని కొరికితే పన్ను దిగి మళ్ళీ పైకి లేస్తుంది. ఆ సాగుడు టూటీ ఫ్రూటీకి రాదు. అప్పుడు తలకి స్కార్ఫు చుట్టుకున్న ఒక తల్లి వచ్చి, చీటీ చదివి, వేలు పెట్టి రెండోసారి చదివి, నన్ను చూసింది. నేను తలూపాను. వెంటనే కూతుర్ని పిలిచింది. ఆ పిల్ల మూడు ముక్కలు తింది, ఇంకొకటి రుమాల్లో చుట్టుకుంది. మిగతాది ఇంటికి తిరిగొచ్చింది. మావాడు ఒక ముక్క నమిలి తీర్పు చెప్పాడు: "బావుంది అమ్మమ్మా, కానీ ఇది లాలీ కేకు కాదు."

ఒప్పుకున్నాను. ఇంటికొచ్చాక ఇక్కడ నాలుగుసార్లు చేశాను, ఇప్పుడు కాస్త దగ్గరికొచ్చింది. మీరు చేసేటట్లయితే మేరీ బిస్కెట్లు తీసుకుని, రెండు పెద్ద చెంచాల హార్లిక్స్ పొడి కలపండి, ఆ మాల్టు వాసన వచ్చేస్తుంది. వెన్నా మిల్క్‌మెయిడూ పైన చెప్పిన కొలతే. టూటీ ఫ్రూటీ ఒక్కటే వేయకండి. ఆకుపచ్చ చుక్క ఉన్న మెత్తటి జెల్లీ మిఠాయిలు కొని, పైనున్న పంచదార దులిపి, సగానికి కత్తిరించి సగం పాళ్ళు అవి కలపండి. సాగుడు అక్కణ్ణుంచి వస్తుంది. కత్తెరని ప్రతి నాలుగు ముక్కలకీ వేడినీళ్ళలో ముంచి తుడవాలి. కోసేటప్పుడు కత్తికీ అంతే. లేకపోతే రంగు ఒక ముక్కనుంచి ఇంకో ముక్కకి పూసుకుపోతుంది. అరంగుళం మందంలో కోస్తే ఇరవై దాకా ముక్కలొస్తాయి. ఫ్రిజ్‌లో వారం నిలవుంటుంది, పిల్లలున్న ఇంట్లో ఆ అవకాశం లేదనుకోండి.

ఒక్క జాగ్రత్త. మనది ఆక్లాండ్ కాదు. ఈ కేకుని పట్టి ఉంచేది గడ్డకట్టిన వెన్నే. వెన్న 32, 35 డిగ్రీల మధ్యలో కరుగుతుంది, మే నెలలో మా వంటిల్లు అంతకన్నా వేడి! మొదటిసారి చేసినప్పుడు కరెంటు పోయి, సాయంత్రానికి రోకలిబండ కాస్తా చపాతీలా పరుచుకుంది. చెంచాలతో తిన్నాం. కాబట్టి తినబోయే ముందే బయటికి తీసి కోయండి.

వాళ్ళ ఎండాకాలపు గడియారం మనకన్నా ఏడున్నర గంటలు ముందు. మధ్యాహ్నం పన్నెండింటికి నేను వీడియో కాల్ చేస్తే అక్కడ రాత్రి ఏడున్నర, మావాడు పళ్ళు తోముకునే వేళ. మొన్న నాలుగోసారి చేసినదాన్ని కెమెరా ముందే కోశాను. నోటినిండా నురగతో స్క్రీను దగ్గరికొచ్చి చూశాడు.

"కత్తి తడిపావా అమ్మమ్మా?"

"తడిపాను."

"ఆ ఆకుపచ్చది లాలీయా, టూటీ ఫ్రూటీయా?"

"లాలీయే. చుక్క చూసి కొన్నా."

"నొక్కి చూపించు."

వేలితో నొక్కాను. లోపలికి దిగి, మెల్లగా పైకి లేచింది. వాడు నోరు పుక్కిలించి వచ్చి, ఇంకోసారి నొక్కమన్నాడు.